లిఫ్టు మామ్మ క్షేమసమాచారం

అమ్మమ్మకు ఎత్తులంటే భయం. నిచ్చెన మీద మూడో మెట్టు ఎక్కిందంటే చాలు, కళ్ళు గట్టిగా మూసుకుని, పోయిన పెద్దలందర్నీ పేరుపేరునా పిలుస్తుంది. అలాంటి మనిషి ఇరవై రెండేళ్ళపాటు రోజుకు వందసార్లు ఐదో అంతస్తుకు వెళ్ళి వచ్చింది. ఇదేం విడ్డూరమని ఎవరైనా అడిగితే, "పెట్టెలో కూర్చున్నవాళ్ళకి ఎత్తు కనపడదు కదా. కనపడనిదానికి భయమెందుకు?" అనేది. ఆ వారం గడిచాక మాత్రం ఆ మాట ఆమె నోట మళ్ళీ రాలేదు.

ఆమె లిఫ్టు నడిపేది. ఆ భవనం నిండా డాక్టర్లే. కింద రిసెప్షనూ, మందుల కొట్టూ. ఆ పైన అంతస్తుకొక జబ్బు. తలుపు లాగి, గొంతు సవరించుకుని, అమ్మమ్మ వాటిని కేకేసి చెప్పేది. "ఒకటి, పళ్ళు! రెండు, కళ్ళు! మూడు, పిల్లలు! నాలుగు, కాళ్ళు! ఐదు, రక్తం!" కొత్తగా వచ్చినవాళ్ళు ఐదో అంతస్తు పేరు వినగానే ఒకడుగు వెనక్కి వేసేవాళ్ళు. "పరీక్షకేలెండి, తాగరు" అని అమ్మమ్మ నవ్వేది. నడవలేనివాళ్ళని నాలుగో అంతస్తుకు ఎక్కించాలన్న ఆలోచన ఏ మహానుభావుడిదో గానీ, ఆయన పుణ్యాన అమ్మమ్మకు చేతినిండా పని.

లిఫ్టుకు ఆమె పెట్టిన పేరు ముసలోడు. జాలీలాంటి మడత తలుపు, ఇత్తడి పిడి, చెక్క గోడలు, మూలన ఒక స్టూలు. స్టూలు మీద పాత స్వెట్టరు మడిచి కుట్టిన మెత్త. ముసలోడు రెండో అంతస్తు దగ్గర గురక పెడతాడని, వానాకాలంలో మూలుగుతాడని, ఎక్కువమంది ఎక్కితే సణుగుతాడని ఇంట్లో అన్నం తింటూ చెప్పేది. తాత బతికున్నన్నాళ్ళూ, "నా మూలుగు ఒక్కరోజైనా ఇంత శ్రద్ధగా విన్నావా?" అని దెప్పేవాడు.

ఇక అమ్మమ్మ గొప్పల్లో అన్నిటికన్నా పెద్దది ఉత్తరం రాయడం. చదివింది అయిదో తరగతే. అయినా చిన్నప్పుడు వీధి వీధంతా ఆమె చేతే ఉత్తరాలు రాయించుకునేది. అక్షరాలు ముత్యాలు. ఆ ముత్యాలకో పద్ధతి. ముందు "నమస్కరించి వ్రాయునది" అనాలి. తర్వాత "ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను" అనాలి. ఆపైన "ఉభయకుశలోపరి" అన్న ఒక్క మాట. ఇరువైపులా క్షేమమే, ఇక అసలు సంగతేమిటంటే, అని దానర్థం. ఆ మాట పడ్డాకే సంగతి మొదలవ్వాలి.

"ఉత్తరం అంటే ఇంటికొచ్చిన చుట్టం" అనేది. "చుట్టం గుమ్మంలో నిలబడి, 'ఫలానావాడికి చెయ్యి విరిగిందోయ్' అని అరుస్తాడా? లోపలికొస్తాడు, కూర్చుంటాడు, మంచినీళ్ళు తాగుతాడు, బాగున్నారా అంటాడు. ఆ తర్వాతే కదా."

ఫలానావాడు ఎవరో కాదు, తాతే. పెళ్ళైన కొత్తలో ఆయన చెయ్యి విరిగితే అమ్మమ్మ పుట్టింటికి ఉత్తరం రాసింది. ముందు పేజీ నిండా క్షేమమే. విరిగిన చెయ్యి లోపలి మడతలో ఉంది. వాళ్ళమ్మ మడత విప్పకుండా చదివి, పిల్ల సుఖంగా ఉందనుకుని ఉత్తరం దాచుకుంది. పదిరోజులు ఎవరూ రాలేదు. ఇంట్లో ఈ కథ చెప్పుకుని నవ్వని రోజు లేదు. అమ్మమ్మ మాత్రం తప్పు వాళ్ళమ్మదే అంటుంది. "మడత విప్పుకోవద్దూ!"

ఆ సోమవారం పొద్దున నాలుగో అంతస్తులో మాస్టారి చేతికర్ర తట్టుకుంది.

మాస్టారు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మోకాళ్ళ వ్యాయామానికి రోజూ వచ్చేవాడు. అప్పట్లో ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో గోడ. నిండుగా ఉన్న లిఫ్టులోంచి దిగబోతూ ముందుకు తూలాడు. అమ్మమ్మ జబ్బ పట్టుకుని ఆపింది.

"ఏమ్మా లిఫ్టూ, ఇక్కడ మెట్టెప్పుడు కట్టించావు?"

"మెట్టేమిటి మాస్టారూ, మీ కాలు లేవక నామీద చెబుతున్నారు."

"నా కాలు లేవదు, ఒప్పుకుంటాను. నా లెక్క తప్పదు. వేలు మందం కిందుంది చూసుకో."

అమ్మమ్మ వంగి చూసింది. నిజమే. లిఫ్టు నేల, అంతస్తు నేల కంటే వేలు మందం దిగువన ఆగింది. ఇరవై రెండేళ్ళలో ముసలోడు గీత గీసినట్టు ఆగేవాడు. దానితోపాటు ఇంకొకటి. ఆగాక పైనుంచి, ఎక్కడో లిఫ్టు ఎక్కి దిగే గొట్టం చివర, ఎవరో పళ్ళ సందుల్లోంచి ఊపిరి వదులుతున్నట్టు ఒక సన్నని చప్పుడు. మాస్టారికి వినపడలేదు. అమ్మమ్మకు వినపడింది.

పూర్వమైతే మెకానిక్కుకు కబురు చేస్తే సాయంత్రానికి వచ్చేవాడు. పైకప్పు మీద మిషను గది తాళం తీసి, నూనె పోసి, అమ్మమ్మ దగ్గర టీ తాగి పోయేవాడు. ఆర్నెల్ల కిందట భవనం నిర్వహణ ఏదో కంపెనీ చేతికి వెళ్ళింది. కింది కరెంటు డబ్బాది తప్ప తాళాలన్నీ వాళ్ళు పట్టుకెళ్ళారు. అమ్మమ్మ రిసెప్షను నుంచి ఫోన్ చేస్తే మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు.

"మెయిల్ పెట్టండమ్మా. మెయిల్ వస్తేనే నంబరు పడుతుంది. నంబరు పడితేనే మెకానిక్కు వస్తాడు."

"నోటితో చెబుతున్నాను కదా నాయనా!"

"నోటిమాటకు నంబరుండదమ్మా. లిఫ్టు మాత్రం ఆపకండి, పేషెంట్లు ఇబ్బందిపడతారు."

కంపెనీ అందరికీ తలా ఒక మెయిలు ఇచ్చింది. అది రిసెప్షనులోని కంప్యూటర్లోనే తెరవాలి. అమ్మమ్మకూ ఒక పాస్‌వర్డు ఉంది. మర్చిపోకుండా దాన్ని పైకి అనుకుంటూ కొట్టేది కాబట్టి, మందుల కొట్టు దగ్గర వరసలో నిలబడినవాళ్ళందరికీ కూడా అది ఉండేది.

ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా లిఫ్టుకు విరామం. అమ్మమ్మ డబ్బా మూత తీయకుండానే కంప్యూటరు ముందు కూర్చుంది. మీటల మీద తెలుగు అక్షరాల చీటీలు అంటించి ఉన్నాయి. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే పనిచేసేది. మిగిలిన తొమ్మిదీ చూసేవి. క్షేమం అన్న మాటకే ఆరు నొక్కులు. అందులో రెండు తప్పేవి, తుడిచి మళ్ళీ కొట్టేది. నమస్కారమైంది, ఇక్కడి క్షేమమైంది, అక్కడి క్షేమమైంది. వానల గురించి ఒక వాక్యం, మేనేజరుగారి పిల్లల చదువుల గురించి ఒక వాక్యం. అప్పుడు "ఉభయకుశలోపరి" కొట్టి, వేళ్ళు విరుచుకుని, "లిఫ్టు" అని మొదలుపెట్టి ఏదో నొక్కింది.

తెర తెల్లబోయింది. మధ్యలో రెండు ముక్కలు.

మీ భద్రత దృష్ట్యా మీ సెషన్ ముగిసింది. మళ్ళీ లాగిన్ అవ్వండి.

"ఏమే పిల్లా, నా ఉత్తరమేదే?"

రిసెప్షను పిల్ల చపాతీ నములుతూ తొంగి చూసింది. "పోయింది మామ్మగారూ. పావుగంట అయితే అదే మూసేసుకుంటుంది."

"ఎవరు మూశారు?"

"ఎవరూ కాదు. మీరు ఊరికే కూర్చున్నారనుకుంటుంది."

"ఊరికే కూర్చున్నానా! వేలు అరిగేలా కొడుతుంటేనూ?"

"టైపు చేయడం దానికి తెలీదు మామ్మగారూ. మధ్యమధ్యలో ఏదో ఒకటి నొక్కి పంపుతుంటేనే మనం బతికున్నామని తెలుస్తుంది."

"ఇదెక్కడి చోద్యం! నోట్లో మాట ఉండగానే చచ్చినట్టు లెక్కా?" అని అమ్మమ్మ డబ్బా చంకన పెట్టుకుని లేచింది. గంట మోగింది. లిఫ్టు ముందు ఇద్దరు తల్లులు, చంకల్లో పిల్లలతో, అప్పటికే నిలబడి ఉన్నారు.

మంగళవారానికి రెండు వేళ్ళయింది. అమ్మమ్మ ఇంకొకటి కనిపెట్టింది. లిఫ్టు నిండుగా ఉంటే నేలకు దిగువన ఆగుతోంది. ఖాళీగా ఉంటే ఎగువన ఆగుతోంది. పూర్వం మెకానిక్కు చెప్పిన మాట గుర్తొచ్చింది. లిఫ్టుకు అవతలి కొసన ఒక ఇనుప దిమ్మ వేలాడుతుంది, నలుగురు ఎక్కిన పెట్టెంత బరువు. దిమ్మా, పెట్టే తక్కెడలా లాక్కుంటుంటే మధ్యలో పట్టి ఆపేది పైనున్న బ్రేకు. అంటే పట్టు జారుతోంది. ఎవరి బరువు ఎక్కువైతే వాళ్ళవైపు.

ఆ రోజంతా ఆమె అంతస్తుల పేర్లకు ఒక తోక తగిలించింది. "మూడు, పిల్లలు, కింద చూసి అడుగెయ్యండి!" ఒకేసారి నలుగురికన్నా ఎక్కువ ఎక్కనివ్వలేదు. "మామ్మకు ఇవాళ గీర ఎక్కువైంది" అన్నారు బయట మిగిలినవాళ్ళు.

మధ్యాహ్నం పకడ్బందీగా వచ్చింది. ఉత్తరమంతా రాత్రే కాగితం మీద రాసుకుంది. చూసి కొట్టడమే. కాగితం మీద రాసుకునే తీరిక దొరికింది కదా, పోయిన ఉత్తరానికి క్షమాపణ కూడా చేర్చింది. దాంతో క్షేమం ఇంకా పొడుగైంది.

రిసెప్షను పిల్ల భుజం మీదుగా చదివి నెత్తి కొట్టుకుంది. "మామ్మగారూ, ఇది పెళ్ళి శుభలేఖా, కంప్లైంటా? 'లిఫ్టు బాగోలేదు' అని రెండు ముక్కలు నేను కొట్టేస్తాను, లేవండి."

"నువ్వు కొడితే అది నీ ఉత్తరం. ఇరవై రెండేళ్ళు నడిపింది నేను. నా సంగతి నా వేలే చెప్పాలి."

"మీ వేలు చెప్పేలోపు పావుగంట అయిపోతుంది."

అయిపోయింది. "ఉభయ" దగ్గర ఉండగా. మళ్ళీ ఆ తెల్లటి తెర, ఆ రెండు ముక్కలు. మీ భద్రత దృష్ట్యా.

"దీని భద్రత మండా" అంది అమ్మమ్మ. కానీ ఆ మాటలో ఎప్పటి కారం లేదు. మెట్ల పక్కన లిఫ్టు గొట్టంలోంచి, ముసలోడు ఆగి ఉండగానే, ఆ ఊపిరి చప్పుడు వచ్చింది. దానితో కాలిన రబ్బరు వాసన. రిసెప్షను పిల్ల ముక్కు ఎగబీల్చి, ఎవరో టీ మాడ్చారు అంది.

బుధవారానికి బెత్తెడు. నాలుగు వేళ్ళు పక్కపక్కన పెడితే సరిగ్గా సరిపోయింది. మూడో అంతస్తులో ఒక తల్లి, పిల్లాడిని ఎత్తుకుని ఎక్కబోయి మోకాళ్ళ మీద పడింది. పిల్లాడు ఏడుపు మర్చిపోయి అమ్మమ్మ మొహంలోకి చూశాడు. అమ్మమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. మేనేజరు మళ్ళీ మర్యాదగా చెప్పాడు. మెయిల్.

ఆ మధ్యాహ్నం రిసెప్షను పిల్లకే జాలేసింది. తెర మీద ఒక గుర్తు చూపించింది. "ఇదిగో, ఇది సేవ్. రెండు వాక్యాలకోసారి నొక్కండి. ఇక పోదు. ఎక్కడిదక్కడ దాచి ఉంచుతుంది." చెప్పి, పళ్ళ డాక్టరు పిలిస్తే పైకి వెళ్ళింది.

అమ్మమ్మ తెర పైభాగాన విషయం అన్నచోట "లిఫ్టు" అని కొట్టింది. నమస్కారం, ఇక్కడి క్షేమం, అక్కడి క్షేమం, ఉభయకుశలోపరి. ఈసారి పిల్లల చదువులు మానేసింది, అంత తొందరలో ఉంది. సేవ్ నొక్కింది. దాచానని తెర మూలన చిన్న మాట వచ్చి పోయింది. ధైర్యమొచ్చింది. ఇక అసలు సంగతి. వేలు మందం, రెండు వేళ్ళు, బెత్తెడు, నిండుగా ఉంటే కిందికి, ఖాళీగా ఉంటే పైకి, కాలిన వాసన, ఊపిరి చప్పుడు, మోకాళ్ళ మీద పడిన తల్లి. ఎంత బాగా వస్తోందంటే, సేవ్ సంగతి గుర్తులేదు. చివర "ఎవరికైనా ప్రాణం మీదికి వస్తుంది, వెంటనే బ్రేకు చూడగలరు" అని చుక్క పెట్టి, పంపు అన్నచోట నొక్కింది.

మీ భద్రత దృష్ట్యా.

గంట మోగడానికి మూడు నిమిషాలుంది. పాస్‌వర్డు మందుల కొట్టు వినేలా చదువుకుంటూ మళ్ళీ లోపలికి వెళ్ళింది. దాచినవి అన్నచోట చూస్తే, ఉంది! ఆమె ఉత్తరం, ఆమె నమస్కారం, ఆమె క్షేమం, ఉభయకుశలోపరి దాకా. ఆ కింద తెలుపు.

మిగతాది ఏమైందని ఇంకెవరైనా కంగారుపడేవాళ్ళు. అమ్మమ్మ పడలేదు. ఆమె చేతిమీదుగా వెళ్ళిన ఉత్తరాలన్నీ అంతే కదా. పైకి కనపడేది క్షేమం, సంగతి మడతలో. ఎక్కడిదక్కడ దాచి ఉంచుతుందని పిల్ల చెప్పనే చెప్పింది. మడత ఎలా విప్పాలో తనకు తెలీదు, మేనేజరుకు తెలుస్తుంది. చదువుకున్నవాడు.

పంపు నొక్కింది. పావు నిమిషంలో వెళ్ళిపోయింది. ఆ పూటంతా ఆమె గొంతు హుషారుగా పలికింది.

గురువారం పొద్దున రిసెప్షను పిల్ల మెట్ల దగ్గరే ఎదురొచ్చింది. మొహంలో ఎగతాళి లేదు. "మామ్మగారూ, నిన్న ఏం పంపారు?"

తెర మీద జవాబు ఉంది. అమ్మమ్మ వేలు పెట్టి చదువుకుంది. లిఫ్టు విషయమై మీరు పంపిన మెయిలు అందింది. అందరూ క్షేమమని తెలియజేసినందుకు ధన్యవాదాలు. దీన్నిబట్టి, రానున్న సోమవారం జరగవలసిన లిఫ్టు తనిఖీని వచ్చే నెలకు మార్చడమైనది.

సోమవారం తనిఖీ ఉందన్న సంగతే ఆమెకు తెలియదు. ఏమీ రాయకుండా నోరు మూసుకుని ఉంటే, నాలుగు రోజుల్లో మెకానిక్కు దానంతటదే వచ్చేవాడు.

"మడత విప్పలేదా వాడు?" అంది మెల్లగా.

"ఏ మడత మామ్మగారూ? దీనికి మడతలుండవు. దాచనిది పోయినట్టే."

"ఉభయకుశలోపరి అని రాశాను కదే. దానర్థం ఇంకా ఉందనే కదా?"

పిల్ల తల దించుకుంది. "నాకూ తెలీదు మామ్మగారూ. సంతకం లాంటిదేదో అనుకున్నాను. ఆయనా అదే అనుకుని ఉంటాడు."

అమ్మమ్మ వెంటనే ఫోన్ చేయించింది. మేనేజరు ఊళ్ళో లేడన్నారు, రేపు పదకొండు దాటాక వస్తాడన్నారు. ఆ మధ్యాహ్నం కంప్యూటరే తెరుచుకోలేదు, కంపెనీవాళ్ళు ఏదో బాగుచేస్తున్నారట. అమ్మమ్మ అన్నం డబ్బా తెరిచి, మూసి, లిఫ్టు దగ్గరికెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఇక్కడ మేమందరం క్షేమం. తన చేత్తో రాసింది. ఇప్పుడేదైనా అయితే, అంతా బాగుందని సాక్ష్యం పలికింది ఎవరు?

శుక్రవారం పొద్దున ఎవరూ చూడకుండా రెండో అంతస్తులో ఖాళీ పెట్టెను ఆపి కొలిచింది. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చెయ్యి చాపి పెట్టింది. జాన.

పదకొండుకు మేనేజరు వస్తాడు, అప్పటిదాకా చాలు అనుకుంది. పదిన్నరకు మాస్టారు వచ్చాడు. డాక్టరు కర్ర మాన్పించి, నాలుగు కాళ్ళ నడక స్టాండు ఇప్పించాడు. అల్యూమినియంది, కొత్తది.

"మాస్టారూ, ఇవాళ్టికి మానెయ్యకూడదూ?"

"మానేస్తే మోకాళ్ళు పట్టేస్తాయమ్మా లిఫ్టూ. ఏం, నీ మెట్టు ఇంకా పెరిగిందా?"

"పెరిగింది."

"నా దగ్గర ఇప్పుడు ఆరు కాళ్ళున్నాయి. నువ్వు భయపడకు."

ఆమె భయపడింది. అయినా తలుపు మూసి పిడి తిప్పింది. ఇరవై రెండేళ్ళుగా, ఎక్కినవాళ్ళను దించాల్సిన చోట దించడమే ఆమెకు తెలిసిన పని.

నాలుగో అంతస్తులో ముసలోడు ఆగాడు. అమ్మమ్మ కిందికి చూసింది. నేలా నేలా సమానం. వేలు మందం తేడా కూడా లేదు. గీత గీసినట్టు. వారం రోజులుగా అల్లరి చేసిన పిల్లాడు ఉన్నట్టుండి చేతులు కట్టుకుని కూర్చుంటే ఇంట్లోవాళ్ళకు ఎలా ఉంటుందో, ఆమెకు అలా ఉంది. మాస్టారు అప్పటికే స్టాండు ముందుకాళ్ళు బయట పెట్టి, దాని వెనకే కుడికాలు ఎత్తాడు.

పైన ఊపిరి చప్పుడు. ఈసారి సన్నగా కాదు.

పెట్టె కదిలింది. తలుపు తెరిచి ఉండగానే, ఎవరూ పిడి ముట్టుకోకుండానే, పైకి. ఇద్దరే ఉన్నారు లోపల, అవతల ఇనుప దిమ్మ బరువు. నేల మెల్లగా, చాలా మెల్లగా లేస్తుంటే మాస్టారు ఒక కాలు గాల్లో పెట్టుకుని, అదేదో అర్థంకాని లెక్కలా చూస్తున్నాడు. అమ్మమ్మ రెండు చేతులతో ఆయన చొక్కా కాలరు పట్టి వెనక్కి లాగింది. ఆయన వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. స్టాండు రాలేదు. దాని రెండు కాళ్ళు లోపల, రెండు బయట. పైకి వెళుతున్న పెట్టె దాన్ని ఎత్తి, గుమ్మం పై చట్రానికి నొక్కి, ఉత్తరం మడిచినంత తేలిగ్గా మడిచేసింది. లోహం అరిచిన అరుపుకు పిల్లల అంతస్తు మొత్తం నిశ్శబ్దమైపోయింది. మడత పడ్డ స్టాండు అడ్డంగా ఇరుక్కోవడంతో పెట్టె ఆగింది.

ఆ మడతలో ఉండాల్సింది ఎవరో ఇద్దరికీ తెలుసు.

"ఏమ్మా లిఫ్టూ" అన్నాడు మాస్టారు స్టూలు మీంచే. "ఇది క్షేమమేనా?"

ఆయన ఊరికే, అలవాటు మాటగా అన్నాడు. ఆమె గుండెల్లో దిగింది.

వ్యాయామం చేయించే అమ్మాయిలు నిచ్చెన తెచ్చి వేశారు. ముందు మాస్టారిని దించారు. తర్వాత అమ్మమ్మ. పెట్టె నేలకూ అంతస్తు నేలకూ మధ్య నల్లటి సందు, దాని లోతుకు నాలుగు అంతస్తులు. "కళ్ళు మూసుకోండి మామ్మగారూ, మేం పట్టుకుంటాం" అన్నారు. ఆమె మూసుకోలేదు. పోయిన పెద్దలెవర్నీ పిలవలేదు. ఆ సందులోకి చూస్తూనే మెట్టు మెట్టూ దిగింది. ఇరవై రెండేళ్ళు తన స్టూలు కింద ఉన్నది ఏమిటో అప్పుడే మొదటిసారి చూడటం.

కిందికి మెట్ల మీద నడిచి వచ్చింది. కరెంటు డబ్బా తెరిచి లిఫ్టు స్విచ్చి కిందికి లాగేసింది, డబ్బాకు తాళం వేసి చెవి రవిక లోపల దోపుకుంది. స్టూలును పైనుంచి తెప్పించి, కింది అంతస్తు తలుపుకు అడ్డంగా వేయించింది. అప్పుడు కంప్యూటరు ముందు కూర్చుంది. పాస్‌వర్డు పైకి చదవలేదు. నమస్కారం లేదు. క్షేమం లేదు.

బ్రేకు లేదు. లిఫ్టు ఆపాను. చెవి నా దగ్గర ఉంది.

పంపు నొక్కింది. మూడు నిమిషాలు పట్టింది. పావుగంటలో ఇంకా పన్నెండు మిగిలాయి. ఏం చేయాలో తోచక అక్కడే కూర్చుని, మిగిలిన పన్నెండూ తెర వైపు చూసింది. అవి కూడా అయ్యాక, దాని మామూలు ప్రకారం, అది మూసుకుంది.

మేనేజరు ఫోన్ చేశాడు. ఈసారి మర్యాద కొంచెం తగ్గింది. "ఎవరిని అడిగి ఆపారమ్మా? బుధవారం అంతా క్షేమమని మీరే రాశారు. ఇప్పుడు బ్రేకు లేదంటారు. రెండింట్లో ఏది నిజం?"

"రెండోది."

"మొదటిది మీ పేరుతోనే ఉంది, తెలుసా?"

"తెలుసు నాయనా. అందుకే చెవి ఇవ్వను."

సాయంత్రం మెకానిక్కు వచ్చాడు. మిషను గదిలోకి వెళ్ళి పావుగంటలో దిగి వచ్చి, అమ్మమ్మ అరచేతిలో ఒక నల్లటి ముక్క పెట్టాడు. బ్రేకు పట్టీ. వేలు మందం ఉండాల్సింది గోరంత కూడా లేదు.

"ఇంకెన్నాళ్ళు ఉండేదిరా?"

"నాళ్ళా?" అన్నాడు వాడు. "ఇంకోసారి తలుపు తీయలేదు, నయం పెద్దమ్మా."

ముసలోడిని విప్పేశారు. మీటలు నొక్కితే తనంతట తానే వెళ్ళే కొత్తది బిగిస్తామన్నారు. అది పూర్తయ్యేదాకా అమ్మమ్మ మెట్ల దగ్గర స్టూలు వేసుకుని, వచ్చినవాళ్ళకు దారి చెప్పేది. నాలుగు కాళ్ళు, ఐదు రక్తం. మాస్టారి వ్యాయామం కింది గదిలోకి మార్చారు. ఆయన వచ్చినప్పుడల్లా ఆమె పక్కన కాసేపు కూర్చునేవాడు.

మూడో వారంలో రిసెప్షను పిల్ల పిలిచింది. "మామ్మగారూ, మీకు మెయిలొచ్చింది. మీ పేరుకే."

అమ్మమ్మ వచ్చి కూర్చుంది. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మొదటి వాక్యం చదివింది.

మీరు, మీ కుటుంబ సభ్యులు క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాము.

వేలు అక్కడే ఆగిపోయింది. కంపెనీ ఆమెను క్షేమం అడగడం అదే మొదలు.

"చదవండి మామ్మగారూ, కింద ఇంకా ఉంది" అంది పిల్ల. అప్పటికే అంతా చదివేసిన మొహం అది.

"ఉంటుందే. క్షేమం ముందు పెట్టారంటే కింద ఉండకుండా ఎలా ఉంటుంది?" అంది అమ్మమ్మ. వేలు తీయలేదు, కిందికి జరపనూ లేదు. అవతల కొత్త లిఫ్టు గొట్టంలో సుత్తి దెబ్బలు, ఆగి ఆగి. అలా కూర్చునే ఉంది. చాలాసేపటికి రెండో వాక్యం కోసం మీట నొక్కింది.

మీ భద్రత దృష్ట్యా మీ సెషన్ ముగిసింది.

పిల్ల గబగబా ముందుకు వంగింది. "ఉండండి, మళ్ళీ తెరుస్తాను. పాస్‌వర్డు నాకు తెలుసు."

"అందరికీ తెలుసులే" అని అమ్మమ్మ లేచింది. మెట్ల దగ్గరికి వెళ్ళి, స్టూలు మీది స్వెట్టరు మెత్త దులిపి చంకన పెట్టుకుంది. అన్నం డబ్బా, గొడుగు తీసుకుంది. స్టూలు కంపెనీది. దాన్ని కొత్త లిఫ్టు తలుపుకు అడ్డంగా జరిపి, ఒకసారి తోసి చూసి, అది కదలదని తేల్చుకున్నాకే ఇంటికి బయల్దేరింది.